ప్రయాణికుల బండి నష్టం: ఎవరి ఖర్చు, ఎవరి జమ?

2016లో రైల్వేవాళ్ళు రిజర్వేషను టికెట్ల మీద ఒక వాక్యం అచ్చువెయ్యడం మొదలుపెట్టారు. ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలు చేసుకుంటున్నాం అని దాని భావం. యూనివర్సిటీ నుంచి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయన ఆ టికెట్టు చేతిలోకి తీసుకుని "ఇదేం రాశార్రా" అనడిగాడు. చదివి చెప్పాం. కాసేపు ఆలోచించి "అయితే మనం బాకీ వున్నట్టా?" అన్నాడు. తరవాత మళ్ళీ ఆయనే, "మీ తాత ఒళ్ళు వంగిపోయేదాకా ఆ పట్టాల కింద కంకర దట్టించాడు గదా, అదీ రాశారేమో చూడు" అన్నాడు.

మా తాత గ్యాంగ్‌మన్. మా మాదిగవాడలో రైల్వే పని అంటే అదే పని. పలుగు, పార, సుత్తి భుజాన వేసుకుని తెల్లారకముందే లైను మీదికి పోవడం, బండి పోయాక మళ్ళీ వంగడం. మా నాయన మాట నవ్వులాటకి అన్నదే అయినా, మేము దాన్ని ఒక పరిశోధన ప్రశ్నగానే తీసుకున్నాం. రైల్వే లెక్కల పుస్తకంలో ఏది ఖర్చుగా ఎక్కింది, ఏది ఎక్కలేదు? ఎవరు కట్టింది జమ అయింది, ఎవరు కట్టింది కనబడకుండా పోయింది?

ప్రయాణికుల బండ్లు నష్టాల్లో వున్నాయి అనేది ఇవాళ ఎవరూ కాదనని మాట. 2021-22లో ప్రయాణికుల సేవల మీద వచ్చిన నష్టం 68,269 కోట్లని, దాన్ని సరుకు రవాణా లాభంలోంచి పూడ్చారని కాగ్ చెప్పింది. 2022-23కి ప్రయాణికులకు ఇచ్చిన రాయితీ 56,993 కోట్లని, వంద రూపాయల ఖర్చయ్యే ప్రయాణానికి 54 రూపాయలే తీసుకుంటున్నామని రైల్వే మంత్రి చెప్పారు. ఈ అంకెలు తప్పని మేము అనడం లేదు. కానీ ఏ లెక్కకైనా మొదటి పేజీ ఒకటి వుంటుంది. ఈ లెక్క మొదటి పేజీ చూడాలంటే 1849కి పోవాలి.

ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ రెండు రైలు కంపెనీలతో ఒప్పందాలు రాసుకుంది. ఒకటి ఈస్ట్ ఇండియన్ రైల్వే, రెండోది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే. రెండిటి వాటాదారులూ ఇంగ్లండువాళ్ళే. ఒప్పందంలో వాళ్ళు పెట్టిన పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి సర్కారు గ్యారంటీ ఇచ్చింది. భూమి వూరికే ఇచ్చింది. రైలు మీద అంతకన్నా ఎక్కువ వస్తే ఆ పైది పంచుకోవాలి, తక్కువ వస్తే తగ్గినంతా ఇక్కడి ఖజానా పూడ్చాలి. అంటే బండి నడిచినా నడవకపోయినా, జనం ఎక్కినా ఎక్కకపోయినా లండనులో వాటాదారుడికి తన ఐదు శాతం వచ్చేస్తుంది. దీనివల్ల పొదుపుగా కట్టాలనే భయం ఎవరికీ లేకుండా పోయింది. ఖర్చు ఎంత పెరిగితే గ్యారంటీ అంత పెరుగుతుంది మరి. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు, 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు బండ్లు నడిచాయి. వాటి సంబరాలు పాఠ్యపుస్తకాల్లో వున్నాయి. 1900 ప్రాంతం దాకా, అంటే దాదాపు అర్ధశతాబ్దం, మొత్తం మీద చూస్తే రైల్వేలు ఈ దేశపు ఖజానాకు నికర ఖర్చే అనే సంగతి అంత వివరంగా వుండదు.

ఆ ఖజానా నింపిందెవరు? భూమిశిస్తు, నల్లమందు, ఉప్పు పన్ను ప్రధాన రాబడులు. భూమి లేనోడు శిస్తు కట్టడు అని చెప్తారు గానీ, ఆ భూమి మీద వెట్టి చేసినోడి కడుపులోంచే శిస్తు వచ్చింది. ఇక ఉప్పు సంగతి వేరే చెప్పాలా? గంజిలో ఉప్పురాయి వేసుకోని మాలగుడిసె, మాదిగగుడిసె వుందా? భారత రైల్వేలకు మొదటి రాయితీ ఇచ్చినవాళ్ళు వీళ్ళు. అందుకున్నది ప్రయాణికుడు కాదు, వాటాదారుడు. దాన్ని ఎవరూ ఏ టికెట్టు మీదా అచ్చువెయ్యలేదు.

దీని మీద ఆ రోజుల్లోనే గొడవ నడిచింది. దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్ రాసింది విద్యార్థులకు తెలిసిందే. మన గోదావరి జిల్లాలవాళ్ళు విగ్రహాలు పెట్టుకున్న ఆర్థర్ కాటన్ కూడా రైళ్ళ మీద పోసే డబ్బు కాలవల మీద, నీటి రవాణా మీద పెట్టమని బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. అప్పుడే 1876-78 కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని తినేసింది. రైలు ధాన్యం తెచ్చింది, అదే రైలు ధాన్యం ధర వున్నచోటికి పట్టుకుపోయింది కూడా. కొనడానికి చేతిలో డబ్బు లేనివాడికి స్టేషనులో బస్తాలు వున్నా ఒకటే, లేకున్నా ఒకటే. కరువు కమిషన్ 1880లో ఇంకా రైలు మార్గాలు వెయ్యాలంది. వేసిందెవరంటే, మళ్ళీ కరువు కూలీలే.

నిజాం రాజ్యం కథ దీనికి తమ్ముడి కథ. వాడి నుంచి సికిందరాబాదుకు 1874లో రైలు వచ్చింది. 1883లో దాన్ని లండనులో పుట్టిన నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీకి అప్పగించారు. పేరులోనే గ్యారంటీ వుంది చూడండి. ఇరవై ఏళ్ళ పాటు 5 శాతం నిజాం ఖజానా హామీ. ఈ బేరాన్ని బహిరంగంగా ప్రశ్నించినందుకు ఆ సంవత్సరమే అఘోరనాథ్ చటోపాధ్యాయను హైదరాబాదు నుంచి వెళ్ళగొట్టారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. సంస్థానంలో రైలు ఖర్చు గురించి అడగడం రాజద్రోహంతో సమానమయింది. 1889లో ఆ మార్గం వరంగల్లు మీదుగా బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ ఏడాదే. చివరికి 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీని కొనేసింది. అప్పటిదాకా ఇచ్చిన హామీ సొమ్మంతా తెలంగాణ పల్లెల శిస్తులోంచి పోయిందే.

ఇక ప్రయాణికుల దగ్గరికి వద్దాం. రైళ్ళు మొదలయ్యేటప్పుడు ఇంగ్లీషువాళ్ళలో చాలామంది, హిందువులు కులం చెడుతుందని బండెక్కరనుకున్నారు. బండి వచ్చాక జనం విరగబడి ఎక్కారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ప్రయాణికుల్లో నూటికి తొంభై మందికి పైగా ఆఖరి తరగతివాళ్ళే. ప్రయాణికుల రాబడిలో పెద్దభాగం కూడా వాళ్ళదే. మొదటి తరగతి పెట్టెలో మెత్తటి పరుపులు, స్నానాల గదులు వుండేవి, ఎక్కేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత. మూడో తరగతి పెట్టెలో చెక్కబల్ల, కూచోడానికి చోటు లేదు, చాలాకాలం మరుగుదొడ్డి కూడా లేదు. తిరనాళ్ళ రోజుల్లో జనాన్ని సరుకుల వ్యాగన్లలో ఎక్కించి తోలారు. గాంధీ 1917లో మూడో తరగతి మీద రాశాడు, అందులో ఆ పెట్టెల ఇరుకూ మురికీ వున్నాయి. మాకు కావల్సింది ఆ పెట్టెల ఆదాయం. పేదోడి చిల్లర పైసలు గుట్టపడితే పెద్దమనిషి పరుపు ఖర్చు గడిచింది. రాయితీ కింది నుంచి పైకి పారింది. ఇవాళ ప్రయాణికుడికి రాయితీ ఇస్తున్నామని చెప్పేవాళ్ళు ఈ కాలం లెక్కను ఎక్కడ కలిపారో మేము వెతికాం. ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

అయినా మనవాళ్ళు రైలెక్కడం మానలేదు. ఎందుకు మానలేదు అనేదాంట్లో పోటీ అనే మాటకు అసలు అర్థం దొరుకుతుంది. అంబేద్కర్ తన చిన్నతనంలో 1901 నాటి ప్రయాణం గురించి రాసుకున్నాడు. సాతారా నుంచి తండ్రి దగ్గరికి పిల్లలు బయల్దేరారు. మాసూరు దాకా రైల్లో వచ్చారు. టికెట్టు కొన్నారు, ఎక్కారు, దిగారు, అంతవరకు ఏ చిక్కూ లేదు. స్టేషను మాస్టరు కులం అడిగి మహర్లని తెలిసి అడుగు వెనక్కి వేశాడు. బయట బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. రెండింతలు బాడుగ ఇస్తాం, బండి మేమే తోలుకుంటాం అంటే తప్ప ఒప్పుకోలేదు. ఇది చిన్నపిల్లల కథగానే చదువుతాం గానీ, రవాణా చరిత్రకారులు దీన్ని బాడుగల చరిత్రగా చదవాలి. ఎద్దులబండిలో ధర కులాన్నిబట్టి. రైల్లో ధర మైలునిబట్టి. తమిళ జిల్లాల్లో ప్రైవేటు బస్సులవాళ్ళు కూడా అంటరానివాళ్ళని ఎక్కించుకోకపోతే, వాళ్ళ లైసెన్సులు రద్దు చేస్తామని జిల్లా బోర్డు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. రైలు గొప్పదని మేము చెప్పడం లేదు. స్టేషన్లలో బ్రాహ్మల నీళ్ళు వేరే, బ్రాహ్మల హోటలు వేరే అనేది అందరికీ తెలుసు. కానీ పెట్టెలో చెక్కబల్ల మీద కులానికో బల్ల వెయ్యడానికి కంపెనీ ఒప్పుకోలేదు, దానికి లాభం గిట్టదు కాబట్టి. మనవాళ్ళకు రైలు పోటీదారు విమానమూ కాదు, కారూ కాదు. నడక, వెట్టిబండి. ఆ పోటీలో రైలు మొదటిరోజే గెలిచింది.

బస్సుతో పోటీ 1930ల్లో వచ్చింది. ఆర్థికమాంద్యంలో రైలు రాబడి పడిపోయింది, బస్సులు ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతున్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం మిచెల్, కర్క్‌నెస్ ఇద్దరితో విచారణ జరిపించింది, తరవాత వెడ్జ్‌వుడ్ కమిటీ వేసింది, 1939లో మోటారు వాహనాల చట్టం చేసి పర్మిట్లతో బస్సుల్ని అదుపు చేసింది. నిజాం రైల్వే అంతకన్నా తెలివిగా పోయింది. పోటీ వచ్చేలోపు తనే బస్సులు పెట్టింది. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రైల్వే కిందే రోడ్డు రవాణా శాఖ మొదలైంది. ఆ 27 బస్సుల వంశమే 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. మన ఎర్రబస్సు రైలు కడుపున పుట్టిన బిడ్డ. ఒకే యాజమాన్యం కింద రైలు ఎక్కడిదాకా పోవాలి, బస్సు ఎక్కడ అందుకోవాలి అని ఆలోచించిన కాలం ఒకటి మన నేల మీదే వుంది. తరవాత తండ్రీకొడుకుల్ని వేరు కాపురం పెట్టించి, ఎవరి నష్టం వాళ్ళే చూసుకోండి అన్నారు.

లెక్కల పుస్తకం వేరుపడడం కూడా చెప్పుకోవాలి. 1920-21లో విలియం ఆక్‌వర్త్ కమిటీ రైల్వే పద్దును సాధారణ బడ్జెట్టు నుంచి విడదీయమంది. 1924లో విడదీశారు. అప్పటి నుంచి రైల్వే తన మీద పెట్టిన ప్రభుత్వ పెట్టుబడికి ఏటా డివిడెండు చెల్లించాలి. స్వతంత్రం వచ్చాక కూడా ఆ పద్ధతి సాగింది. 2017లో రైల్వే బడ్జెట్టును మళ్ళీ సాధారణ బడ్జెట్టులో కలిపినప్పుడే డివిడెండు రద్దయింది. తొంభై ఏళ్ళకు పైగా రైలు ఖజానాకు బాడుగ కడుతూ వచ్చిందన్నమాట. జాతీయ రహదారి ఏనాడూ ఖజానాకు డివిడెండు కట్టలేదు. రైలు రోడ్డుతో పోటీపడలేకపోతోంది అని తేల్చేవాళ్ళు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల మహాసభ జరిగింది. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం కార్మికులకు ఇద్దరు శత్రువులని అంబేద్కర్ అన్నది ఈ సభలోనే. ఆ మాటను మనం చాలాసార్లు చెప్పుకున్నాం. అదే ఉపన్యాసంలో రైల్వే కొలువుల గురించి ఆయన చెప్పిన వివరం మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. దళితుడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముగిసిపోతాడు. పోర్టరు పని కూడా అతనికి దొరకదు. ఎందుకంటే పోర్టరు చేత స్టేషను మాస్టరు ఇంటిపని చేయించుకుంటాడు, అంటరానివాడిని ఇంట్లోకి రానివ్వలేడు కదా. బండి నడపడానికీ కులానికీ సంబంధమేంటి అని అడిగేవాళ్ళకి ఇది జవాబు. జీతంలేని ఇంటిపని స్టేషను మాస్టరుకు రైల్వే ఖాతాలోంచి దొరికిన రాయితీ, ఆ రాయితీ నిలబడడం కోసం దళితుడు లైను మీదే వుండిపోవాలి. 1943లో, అంబేద్కర్ వైస్రాయి మండలిలో లేబర్ మెంబరుగా వున్నప్పుడు, కేంద్ర కొలువుల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం రిజర్వేషను వచ్చింది. మా వాడలో రైల్వే ఇళ్ళు లేచింది తరవాతి తరాల్లో, ఆ దారి వెంటే.

స్వతంత్ర భారత రైల్వే పేర్లు మార్చడంలో చురుకుగానే వుంది. మూడో తరగతిని 1974లో తీసేశారు, అంటే దాని పేరును రెండో తరగతి అన్నారు. అదే ఏడాది మే నెలలో దాదాపు పదిహేడు లక్షల మంది కార్మికులు సమ్మె చేస్తే అణచివేశారు. చెక్కబల్ల మీద రెండంగుళాల స్పాంజి పడింది మధు దండవతే మంత్రిగా వున్న 1977-79 మధ్యలో. పేదోడి వీపుకి మెత్తదనం తగలడానికి 1853 నుంచి నూటపాతికేళ్ళు పట్టింది.

ఛార్జీలు తక్కువగా వుంచి, ఆ లోటును సరుకు మీద వేసే పద్ధతి ఈ కాలంలోనే స్థిరపడింది. ఇది పేదల పక్షాన జరిగిన పని, కాదనకూడదు. అయితే దాని లోపలి కదలిక చూడాలి. సరుకుల్లో దాదాపు సగం బొగ్గు. సింగరేణి బొగ్గు రామగుండం పోతుంది, కరెంటు అవుతుంది, ఆ బిల్లులో రైలు రవాణా ఖర్చు వుంటుంది. సిమెంటులో, ఎరువులో, బియ్యంలో వుంటుంది. కాబట్టి జనరల్ పెట్టెవాడికి ఇచ్చిన రాయితీని అతనే గుడిసెలో బల్బు వేసినప్పుడు కొంత తిరిగి కడుతున్నాడు. ఇంకో సంగతి, సరుకు మీద రేటు పెంచుకుంటూ పోతే సరుకు లారీ ఎక్కింది. 1950-51లో దేశంలో సరుకు రవాణాలో ఎనభై శాతానికి పైగా రైలుదే. ఇప్పుడు మూడో వంతుకన్నా తక్కువ. నష్టం ప్రయాణికుడి వల్ల అంటారు గానీ, సరుకు పోయింది రోడ్ల మీద ప్రభుత్వమే పోసిన డబ్బు వల్ల కూడా. పైగా నష్టం అంటే జనరల్ పెట్టె ఒక్కటే అనుకోకూడదు. గత దశాబ్దపు కాగ్ నివేదికల్లో ఏసీ ఫస్టు, ఏసీ టూ టయరు కూడా నష్టంలోనే వున్నాయి. ఏసీ త్రీ టయరు, ఛెయిర్ కారు మాత్రమే గట్టెక్కాయి.

ఇప్పుడు మా నాయన అడిగిన ఖాతా దగ్గరికి. మూడో తరగతి పెట్టెలకు మరుగుదొడ్డి పెట్టినప్పుడు దానికి అడుగున ఒక గొట్టం పెట్టారు. పెట్టెలోది పట్టాల మీద పడుతుంది. ప్రపంచంలో ఇంత చవకైన పాకీదొడ్డి ఇంకోటి లేదు. ట్యాంకు అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు, మురుగుకాలవ అక్కర్లేదు. కావల్సింది ఒక కులం. స్టేషనులో బండి ఆగినప్పుడు వాడొద్దు అని బోర్డు రాశారు, కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్ళం మేమంతా ఆ బోర్డు చదివి పెరిగాం. బోర్డు రాసినవాళ్ళకీ తెలుసు, వాడతారని. ప్లాట్‌ఫారం పక్కన కాంక్రీటు నేల మీద చీపురుతో, రేకుముక్కతో, తరవాత నీళ్ళ పైపుతో కడిగింది మనవాళ్ళు. పట్టాల మీద నడిచి కంకర కింద చెయ్యిపెట్టిన గ్యాంగ్‌మన్లూ మనవాళ్ళే. మా తాత అన్నం ముందు కూచునేముందు చేతులు ఎంతసేపు కడిగేవాడో మా నాయనమ్మ చెప్పేది. ఆ కథ ఇంతకన్నా చెప్పం.

1993లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది. ఎస్.ఆర్. శంకరన్ అండతో బెజవాడ విల్సన్ మన రాష్ట్రంలోనే మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. 2013 చట్టంలో పాకీపని నిర్వచనంలోకి రైలు పట్టాలు స్పష్టంగా వచ్చాయి. వచ్చిన వెంటనే పక్కన ఒక వివరణ కూడా చేరింది. రక్షణ సామగ్రి, పరికరాలు ఇచ్చి చేయిస్తే అది పాకీపని కింద లెక్కకు రాదట. చేతికి గ్లౌజు తొడిగితే కులం మారినట్టు. 2014 మార్చి 27 తీర్పులో సుప్రీంకోర్టు, పట్టాల మీద పాకీపనిని గడువు పెట్టుకుని అంతం చెయ్యాలని రైల్వేకు చెప్పింది.

బయోటాయిలెట్లు 2011 నుంచి పెట్టడం మొదలైంది. పదేళ్ళలో రెండున్నర లక్షలకు పైగా పెట్టారు, పెట్టెల నుంచి పట్టాల మీద పడడం దాదాపు ఆగింది. ఇది నిజమైన మార్పు, దీన్ని తక్కువ చెయ్యం. కానీ దీనికి డబ్బు ఎలా వచ్చిందో చూడండి. మలం వల్ల పట్టా తుప్పు పడుతోంది, మార్చడానికి ఖర్చవుతోంది అని 2012లో అనిల్ కాకోద్కర్ భద్రతా కమిటీ కూడా చెప్పింది. పట్టా తుప్పుకు లెక్క వుంది, ఇన్ని కోట్లని వెయ్యొచ్చు. మనిషి చెయ్యికి పద్దు లేదు. అదే కమిటీ 2007 అక్టోబరు నుంచి 2011 అక్టోబరు దాకా సుమారు 1600 మంది రైల్వే సిబ్బంది పనిలో చనిపోయారని రాసింది. ఆ నాలుగేళ్ళలోనే టికెట్టు ధర తక్కువగా వుందని ఎంతమంది సంపాదకీయాలు రాశారో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది.

బయోటాయిలెట్టు వచ్చాక పని పోలేదు, చోటు మారింది. సీసాలు, గుడ్డలు పడి మూసుకుపోతే డిపోలో ఎవరో తియ్యాలి. 2016-17లో 32 డిపోల్లో దాదాపు రెండు లక్షల లోపాలు కాగ్ లెక్కపెట్టింది, అందులో సగానికి పైగా మూసుకుపోవడమే.

పోటీ అనే మాట ఈ మధ్యకాలంలో ఎట్లా వాడుతున్నారో చూద్దాం. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో ఫ్లెక్సీ ఛార్జీ పెట్టారు. పదో వంతు సీట్లు నిండినప్పుడల్లా పది శాతం పెరిగే ధర. విమానాలవాళ్ళ దగ్గర నేర్చుకున్న పాఠం అది. 552 కోట్లు అదనంగా వచ్చాయి, సుమారు ఏడు లక్షల మంది ప్రయాణికులు తగ్గారు అని కాగ్ తేల్చింది. చాలా మార్గాల్లో విమానమే చవకయింది. అదే సంవత్సరం ఉడాన్ పథకం వచ్చింది. మొదట్లో గంట విమాన ప్రయాణానికి రాయితీ సీటు ధర 2500 దాటకూడదన్నారు, లోటును విమాన కంపెనీకి ప్రభుత్వం పూడుస్తుందన్నారు. మొదటి రోజు, 2017 ఏప్రిల్ 27న, ఎగిరినవాటిలో కడప, హైదరాబాదు మధ్య విమానం వుంది. అంటే కడప నుంచి హైదరాబాదుకు రాత్రంతా జనరల్ పెట్టెలో నిలబడి వచ్చే కూలీకీ, గంటలో దిగే ఆసామికీ ఇద్దరికీ రాయితీ వుంది. ఒకరి టికెట్టు మీదే అది అచ్చయింది.

2019 ఫిబ్రవరిలో వందే భారత్ వచ్చింది, 2023 జనవరిలో సికిందరాబాదు నుంచి విశాఖపట్నానికి వేశారు. అన్నీ ఏసీ సీట్లే. ముంబై, అహ్మదాబాద్ బుల్లెట్ రైలు 508 కిలోమీటర్లకు మొదటి అంచనా లక్షా ఎనిమిది వేల కోట్లు, అందులో 81 శాతం జపాను అప్పు. 1849లో గ్యారంటీ ఇచ్చినట్టే ఇప్పుడు కూడా అప్పుకు హామీదారు ప్రభుత్వమే. మరోపక్క, రోజూ ఎక్కేవాళ్ళలో నూటికి తొంభై మంది దాకా రిజర్వేషను లేనివాళ్ళూ సబర్బనువాళ్ళూ. కోవిడ్ కాలంలో ప్యాసింజరు బండ్లకు స్పెషల్ అని పేరుపెట్టి పది రూపాయల కనీస ఛార్జీని ముప్పై చేశారు. బెజవాడ చుట్టుపక్కల కూరగాయలమ్ముకునే ఆడవాళ్ళకు ఆ ఇరవై రూపాయలంటే ఏంటో వేరే చెప్పాలా? 2024 ఫిబ్రవరికి గాని అది మళ్ళీ పదికి రాలేదు. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపారు, ఆ తరవాత ఏళ్ళు గడిచినా పునరుద్ధరించలేదు. మరి పోటీ ఎవరితో? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు వుచితం. పల్లె ఆడవాళ్ళు ప్యాసింజరు బండి దిగి బస్సెక్కారు, అదేమో పోటీగా ఎవరూ చెప్పుకోరు. విమానానికి పోయిన ప్రయాణికుడి కోసమే రైల్వే దిగులు.

పోటీ పేరుతో జరిగిన రెండో పని కొలువుల్లో జరిగింది. 1990-91లో రైల్వేలో పదహారున్నర లక్షల మంది ఉద్యోగులుండేవాళ్ళు. ఇప్పుడు పన్నెండు లక్షల ప్రాంతం. తగ్గినవి ఏవి? బోగీ శుభ్రం, స్టేషను శుభ్రం, దుప్పట్లు వుతకడం, లైను పనిలో కొంత. టెండరుకు పోయినవి ఇవీ. 1943 నుంచి కొట్లాడి తెచ్చుకున్న రిజర్వేషను ఈ పనుల్లోనే మనకు నిండుగా దక్కింది, మిగతా చోట్ల ఖాళీలు మిగిలిపోయేవి. కాంట్రాక్టుకు పోయాక రిజర్వేషను లేదు, పింఛను లేదు, పాసు లేదు. పని చేసేది మాత్రం ఆ వాడలవాళ్ళే. ఇది పొదుపుగా ఖాతాలో ఎక్కింది. రైల్వే ఆస్పత్రిలో వైద్యం, క్వార్టరు, పిల్లల చదువు ఇవన్నీ ఖర్చు కింద వుండేవి, ఇప్పుడు లేవు కాబట్టి బండి నష్టం అంతమేరకు తగ్గింది. మా తాత పింఛను మా నాయనమ్మకు వచ్చేది. దాని మీదే మేము కాలేజీకి పోయాం.

2020లో 109 మార్గాల్లో 151 ప్రైవేటు బండ్లకు టెండర్లు పిలిచారు. కంపెనీలు ముందుకు రాక అది సాగలేదు. గ్యారంటీ లేకుండా పెట్టుబడి రాదన్నది 1849లోనే తేలిన సంగతి. 2025 జూలైలో సాధారణ రెండో తరగతికి 500 కిలోమీటర్లు దాటాక కిలోమీటరుకు అర పైసా, ఏసీకి రెండు పైసలు పెంచారు. ఇది పైనుంచి కిందికి పారే లెక్కే, మంచిదే. 2024లోనే పదివేల నాన్ ఏసీ పెట్టెలు చేస్తామని కూడా చెప్పారు. ఆ పెట్టెల్లో జనరల్‌వి ఎన్నో, వాటిని ఏ బండ్లకు తగిలిస్తారో ప్రతి జోనులోనూ మనం అడిగి రాసుకోవాలి. ప్రతి పెట్టెకూ రెండు కొసల మరుగుదొడ్లు వుంటాయి. వాటిని కడిగే మనుషులు ఏ డిపోలో, ఏ కాంట్రాక్టరు కింద, రోజుకు ఎంతకు పనిచేస్తారో టెండరు కాగితాల్లో వుంటుంది. సికిందరాబాదు, విజయవాడ, గుంతకల్లు డిపోల కాగితాలతో మేము మొదలుపెడుతున్నాం.